మూడో రాయి

భుజంగరావు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు కంటే ముందు పని దొరికేది. ఆ సంగతి తెలిసిన శిష్యులు తీరిక లేనప్పుడు ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు. హైమ ఆయన దగ్గర పరిశోధనకు చేరి ఏడు నెలలే అయింది. అంకెలంటే ఆ అమ్మాయికి ప్రాణం. నూట పన్నెండు ఇంజినీరింగ్ కాలేజీల పదేళ్ల ఫలితాలు పోగేసి, పెద్ద పట్టిక కట్టి, ఒక గురువారం ఆయన గదికి వచ్చింది.

“మాస్టారూ, ఒక చిక్కు విడటం లేదు. పదేళ్లలో సగటు మార్కులు అరవై ఒకటి నుంచి డెబ్బై ఎనిమిదికి పెరిగాయి. అదే పదేళ్లలో, చదివిన పనిలో కుదురుకున్నవాళ్లు వందకు నలభై నాలుగు నుంచి పంతొమ్మిదికి దిగారు. ఈ రెండు అంకెల్లో అబద్ధం చెప్పేది ఏది? అసలు కాలేజీ అన్నది దేనికి ఉన్నట్టు?”

మాస్టారు పట్టిక అటూ ఇటూ తిప్పి చూశారు. “దస్తూరి బాగుందమ్మా. రేపు ఒక కాలేజీలో సర్వే ప్రాక్టికల్ పరీక్ష ఉంది. యూనివర్సిటీ నన్ను పరీక్షకుడిగా వేసింది. నాకు కళ్లు లాగుతున్నాయి. వచ్చి లెక్కలు చూసిపెట్టు.”

ఆ కాలేజీ హైమ పట్టికలో మార్కుల లెక్కన పైనుంచి తొమ్మిదోది. కాబట్టి ఆమె హుషారుగానే బయల్దేరింది. పొద్దున్నే దిగి, అక్కడి క్యాంటీన్‌లో ఇడ్లీ తిని, ఇద్దరూ పరీక్ష గదిలో కూర్చున్నారు.

పరీక్ష ఏమిటంటే, కాలేజీ వెనక ఉన్న ఐదు మూలల స్థలాన్ని గొలుసుతో కొలిచి, దిక్సూచితో కోణాలు చూసి, పటం గియ్యాలి. మూలకొక సర్వే రాయి. మొదటి రాయి దగ్గర బయల్దేరిన గీత చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరాలి. చేరకుండా ఎంత ఖాళీ మిగిలితే అంత తప్పు. విద్యార్థులు ముందే గీసుకొచ్చిన ముప్పై రెండు పటాలు బల్లమీద ఉన్నాయి. హైమ పదకొండు గంటలకల్లా ముగించింది. ముప్పై ఒక్కరి పటాల్లో తేడా మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు. సగటు నాలుగు. ఒక్క పటంలో మాత్రం మీటరు పద్నాలుగు సెంటీమీటర్లు. పైగా ఆ అమ్మాయి ఐదు మూలల స్థలాన్ని ఏడు మూలలుగా గీసింది. హైమ ఆ కాగితం మీద పెన్సిలుతో యాభైకి తొమ్మిది వేసింది. పాసవడానికి ఇరవై కావాలి.

పక్కన కూర్చున్న అక్కడి లెక్చరర్ కూర్మారావు గారు నిట్టూర్చారు.

“పైడితల్లే కదా మేడమ్? అనుకుంటూనే ఉన్నాను. ఇది మూడోసారి. మిగతా సబ్జెక్టులన్నీ అయిపోయాయి, ఇదొక్కటే ఆగింది. వంతెనలు కట్టే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పై నెల ఒకటో తారీకుకి సర్టిఫికెట్ చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. మంచి పిల్లే గానీ మొండిది. సీనియర్ల రికార్డు చూసి వేసుకోవే తల్లీ అంటే వినదు.”

“చూసి వేసుకోవడమేమిటి సార్?”

“మాదిరికి మేడమ్, మాదిరికి. నాకా వారానికి ఇరవై ఆరు గంటల పాఠాలు. మిగతా టైమంతా ఆన్‌లైన్‌లో ఫారాలు నింపడం. నేనెప్పుడు గ్రౌండుకి దిగేది?”

మాస్టారు ఆ మాటలు విన్నట్టు కనిపించలేదు. ముందు బెంచీలో ఉన్న దివాకర్ అనే కుర్రాణ్ని పిలిచారు. “బాబూ, నీ పటం చక్కగా ఉంది. నాలుగే సెంటీమీటర్ల తేడా. అది ఎక్కడ వచ్చిందంటావు?”

దివాకర్ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. వెనక బెంచీ నుంచి ఎవరో “సీనియర్లనడగాలి సార్” అని గొణిగారు. గదంతా నవ్వింది. మాస్టారూ నవ్వి లేచారు.

“సరే, మూడో రాయి ఎక్కడుందో చూపించు. మీరంతా ఎవరి పటం వాళ్లు పట్టుకుని రండి. చూసి వచ్చేద్దాం.”

గొలుసులుండే గది తాళంచెవి ఎవరి దగ్గరుందో కాసేపు తేలలేదు. “నా దగ్గరే ఉంది సార్,” అంది చివరి వరసలోని పైడితల్లి.

మొదటి రాయి గడ్డిలో దొరికింది. రెండోది సైకిల్ స్టాండు పక్కన. అక్కణ్నుంచి మూడో రాయి, పటం ప్రకారం, తూర్పుగా అరవై నాలుగు మీటర్లు. మధ్యలో అంతా ఖాళీ నేల. ఇరవై మీటర్ల గొలుసు రెండుసార్లు పరిచారు. మూడోసారి మూడు మీటర్లు సాగేసరికి గోడ అడ్డం వచ్చింది. క్యాంటీన్ గోడ. ఆ క్యాంటీన్ కట్టి ఏడేళ్లయింది.

“ఇంకా ఇరవై ఒక్క మీటర్లుంది సార్,” అన్నాడు దివాకర్ నెమ్మదిగా.

“పద మరి.”

తలుపు వైపునుంచి లోపలికి వెళ్లి, బల్లల మధ్య అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటగది దాకా వచ్చారు. పప్పు కడుగుతున్న వంటావిడ తలెత్తింది.

“చెప్పుల్తో రాకండి బాబూ. టోకెన్లు అటేపు. ఏటి కావాల?”

“మూడో రాయమ్మా,” అన్నారు మాస్టారు.

“రాయా? రుబ్బురోలు ఎప్పుడో తీసీసినారు. ఇప్పుడంతా గ్రైండరే.”

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. ముప్పై ఒక్కరి చేతుల్లోనూ పటాలున్నాయి. వాళ్లు నిలబడి ఉన్న చోటు ఆ పటాలన్నిటిలోనూ ఖాళీ నేలే. హైమ తన దగ్గరే ఉంచుకున్న పైడితల్లి పటం విప్పింది. ఎక్కువగా ఉన్న ఆ రెండు మూలల దగ్గర ఒక చిన్న గడి, దానిలో సన్నటి అక్షరాలతో ‘క్యాంటీన్’ అని ఉంది. పొద్దున అంకెల మీదే చూపుండి, ఆ అక్షరాలు ఆమె చదవనేలేదు.

“ఈ మీటరు పద్నాలుగు ఎక్కడ పోయింది?” అని అడిగింది.

“ఎనక మురుగుకాలవ దగ్గర మేడమ్,” అంది పైడితల్లి, ఆలోచించకుండానే. “అక్కడ గొలుసు తిన్నగా ఆనదు. అటు చివర పట్టుకునే మనిషి లేక ఇటుక పెట్టినాను. లాగితే ఇటుక జరిగిపోతంది. మూడుసార్లు కొలిచినా అక్కడే పోతంది.”

“ఒక్కదానివే కొలిచావా?”

“రమ్మంటే ఎవరొస్తారు మేడమ్? రికార్డుంది కదా, ఎండలో నీకేటి పనంటారు.”

“ఇక్కడ గోడుందని నాకొక మాట చెప్పొచ్చు కదే,” అన్నారు కూర్మారావు గారు.

“చెప్పినాను సార్. గీత కలిసేలా గీసుకు రమ్మన్నారు.”

ఆయన గోడ మీద చెయ్యి వేసి చూశారు. తర్వాత ఎవరితోనూ కానట్టు, “ఏడేళ్లుగా రోజూ ఇక్కడే టీ తాగుతున్నాను,” అన్నారు.

హైమ మనసులో లెక్క వేసుకుంది. చుట్టుకొలత మూడు వందల పంతొమ్మిది మీటర్లు. అంటే రెండు వందల ఎనభై మీటర్లకు ఒక మీటరు తప్పు. ఎగుడుదిగుడు నేల మీద రెండు వందల యాభైకి ఒకటి దాకా ఒప్పుకుంటారు. మాస్టారి వంక చూసింది. ఆయన గ్రైండర్ని శ్రద్ధగా చూస్తున్నారు. తొమ్మిదిని చెరిపేసి, పెన్నుతో నలభై మూడు వేసింది.

“పాసేనా మేడమ్?”

“పాసే.”

పైడితల్లి కాగితాన్ని రెండుసార్లు చూసుకుని, పక్కకు తిరిగి చున్నీతో మొహం తుడుచుకుంది.

“మరి మిగతా ముప్పై ఒక్కరికీ?” అన్నారు కూర్మారావు గారు. హైమ పెన్ను సున్నా వెయ్యడానికి సిద్ధంగానే ఉంది.

“పరీక్ష ఇంకా అవలేదు కదండీ,” అన్నారు మాస్టారు. “సాయంత్రం దాకా వెలుతురుంది. అటు చివర మనిషి లేడని మాత్రం ఎవరూ అనకూడదు.”

గదిలోని ఐదు గొలుసుల్లో నాలుగు తుప్పుపట్టి ముద్దకట్టాయి. వాటిని విడదియ్యడానికే చాలాసేపు పట్టింది. మధ్యాహ్నం రెండింటికి జట్లుజట్లుగా గ్రౌండులోకి దిగారు. కూర్మారావు గారు నెత్తిన రుమాలు కట్టుకుని ఒక గొలుసు చివర పట్టుకున్నారు. “లాగండి సార్.” “లాగుతున్నాన్రా, నువ్వు ముందు తిన్నగా నిలబడు.” ఒక జట్టు గీత మొదటి రాయికి బదులు సైకిల్ స్టాండులో తేలింది. ఇంకో జట్టు తమ రెండు మీటర్లు కాలవ దగ్గర పోయాయో, గేటు దగ్గర పోయాయో తేల్చుకోలేక మళ్లీ బయల్దేరింది. పైడితల్లిని నాలుగు వైపులనుంచీ పిలుస్తున్నారు.

ఐదు దాటాక హైమ ఒక చెట్టుకింద కూర్చుని లెక్క కట్టింది. రెండుసార్లు కట్టినా అదే వచ్చింది. యూనివర్సిటీకి పంపాల్సిన నివేదిక కాగితం ఒళ్లో పెట్టుకుంది.

“మాస్టారూ, పొద్దున సగటు తప్పు నాలుగు సెంటీమీటర్లు. ఇప్పుడు రెండు మీటర్ల అరవై. ఈ కాలేజీ గురించి ఏమని రాయమంటారు?”

కాలవ గట్టు మీద దివాకర్ ఇంకొకడితో వాదిస్తున్నాడు. మాస్టారు కాసేపు ఆ వాదన విన్నారు.

“ఇవాళ మధ్యాహ్నం రెండింటికి తెరిచారని రాయి,” అన్నారు.