మేకల పక్షాన కూర్చున్న రాజు

ఒకానొక రాజ్యంలో మార్తాండభూపతి అని ఒక రాజు ఉండేవాడు. ఆ రాజ్యం పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, రాజుగారి మీసాల సంగతి మాత్రం ఇంకా చెప్పుకుంటారు. వాటికి ఒక నూనె, ఒక దువ్వెన, ఆ దువ్వెన పట్టుకు నిలబడడానికి ఒక నౌకరు. పులిజూదంలో తనంతటి ఆటగాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. చెడ్డవాడు కాదు పాపం. ఎదురు చెప్పేవాళ్లు లేక అలా అయిపోయాడు.

ఒక్క కొండుభట్టు తప్ప. కొండుభట్టు కొలువులో హాస్యగాడు. రాజును నవ్విస్తూనే గిల్లగలిగినవాడు.

ఆ ఏడు ఎక్కడినుంచో ఒక కొత్త నాటకమేళం ఊళ్లోకి దిగింది. మొహాన పిండి పూత, మాటకు ముందో తిట్టు, తర్వాతో తిట్టు. తల్లులు పిల్లల చెవులు మూసి, తమ చెవులు మాత్రం తెరుచుకుని చూసేవారట! వీధి భాగవతం ఆడేవాళ్లకు దివిటీలో నూనె పోసే దిక్కు లేకపోయింది. రాజుగారికి ఆ మేళం మీద మోజు పుట్టింది. పడమటి కోటవాకిలి బయట పచ్చికబీడు ఉంది, అక్కడ పెద్ద నాటకశాల కట్టిస్తానన్నాడు.

ఆ బీడు గొర్రెలవాళ్లది. రాజుగారి తాతగారి కాలంలో, కరువు దేశం నుంచి మందలతో వచ్చారు వాళ్లు. గోడకు కన్నం వెయ్యలేదు, చీకట్లో దూరలేదు. కోటవాకిలి ముందు నిలబడి, “మీ ఊరి కట్టుబాటుకు కట్టుబడతాం, చోటివ్వండి” అని అడిగారు. తాతగారు వాళ్లను నిలువెల్లా చూసి, “వాకిలి తట్టి వచ్చినవాడు చుట్టం, గోడ దూకి వచ్చినవాడు దొంగ. మీరు చుట్టాలు” అన్నాడు. సూర్యచంద్రులున్నంత కాలం ఆ బీడు వాళ్లదేనని రాతిశాసనం వేయించాడు. ఆనాటినుంచి ఊరికి వెన్నెంత ఇచ్చారో, యుద్ధమొస్తే మనుషులనూ అంతే ఇచ్చారు.

ఇప్పుడు వాళ్ల పెద్ద మైలారమ్మ కొలువుకు వచ్చింది.

“దొరా, బీడు పోతే మందలు చస్తాయి. మందలు చస్తే మేమూ అంతే. తాతగారి మాట ఉంది గదా!”

రాజుగారు ఇబ్బందిగా మీసం దువ్వాడు. అప్పటికి ధర్మాసనం ఖాళీగా ఉంది. పాత న్యాయాధికారి కాలం చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన మాచన ఉన్నాడు గానీ, మాచనకు నవ్వడం రాదు, పొగడడం అసలే రాదు. అందుకని రాజుగారి చూపు కొలువు పండితుడు విశ్వంభరశాస్త్రి మీద పడింది.

“శాస్త్రిగారూ, ఆ శాసనానికి మీరేం అర్థం చెబుతారు?”

శాస్త్రి కండువా సర్దుకున్నాడు. “సూర్యచంద్రులున్నంత కాలం అన్నారు గదా మహాప్రభూ! అమావాస్యనాడు చంద్రుడేడీ? మొదటి అమావాస్యకే ఈ దానం ముగిసిపోయింది.”

సభ ఆహా అంది. మైలారమ్మ ఒక మూలకు తప్పుకుంది.

“చూశావుటోయ్ కొండుభట్టూ, పాండిత్యమంటే అదీ! రేపు పొద్దున్నే ఈయనకు ధర్మాసనం ఇస్తున్నాం.”

“ఇవ్వండి ప్రభూ,” అన్నాడు కొండుభట్టు. “కానీ గుర్రాన్ని కొనేముందు ఒకసారి ఎక్కి చూస్తాం గదా. శాస్త్రిగారిని కూడా...”

“ఎక్కుతావా ఏమిటి?”

“అంత బలం నాకెక్కడిది! ఒక పులిజూదం ఆడదాం. శాస్త్రిగారు తీర్పరి. న్యాయం చెప్పేవాడికి మొహాలు కనబడకూడదంటారు, ఆయన్ను తెర వెనక కూర్చోబెడదాం. మనిద్దరం పెదవి విప్పొద్దు. తగువొస్తే, ఎవరు ఏ పక్షమో చెప్పకుండా మాచన వినిపిస్తాడు. తీర్పుకు ఇద్దరమూ కట్టుబడాలి.”

పులిజూదం మాట వినగానే రాజుగారి మొహం వికసించింది. శాస్త్రి కూడా లోలోపల మురిసిపోయాడు. రాజుగారు ఎప్పుడూ పులులే పట్టుకుంటారని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎవరి పక్షాన చెప్పాలో తెలిశాక తెరుంటేనేం, గోడుంటేనేం!

శాస్త్రి తెర వెనక కూర్చున్నాడు. అప్పుడు కొండుభట్టు రాజుగారి చెవి దగ్గర వంగాడు.

“పులులతో గెలవడం మీకు వింత కాదు ప్రభూ. మేకలతో గెలిచే మగాడు ఈ భూమ్మీద పుట్టలేదంటారు.”

“ఎవరా అన్నది?” రాజుగారు మేకలన్నీ తన వైపు లాక్కున్నాడు.

పలక మీద ఆట మొదలైంది. పులి గీత వెంట ఒక్కో దూకులో ఒక్క మేకనే దాటి తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. నిజం చెప్పాలంటే రాజుగారు బాగానే ఆడాడు. మేక పక్కన మేకను పెట్టి, దూకే సందు లేకుండా పులిని మూలకు నెట్టాడు. కొండుభట్టు నెత్తి గోక్కున్నాడు. గోక్కుని, పులిని ఎత్తి, వరసన ఉన్న రెండు మేకలనూ దాటించి అవతల దింపి, రెండింటినీ తీసి ఒళ్లో వేసుకున్నాడు.

రాజుగారు గుడ్లురిమాడు. కొండుభట్టు వేలు పెదవి మీద పెట్టుకుని తెర వైపు చూపించాడు.

మాచన వినిపించాడు. “పులి ఒక్క దూకులో రెండు మేకలను దాటింది. చెల్లుతుందా?”

తెర వెనకనుంచి శాస్త్రి గొంతు తేనెలా జారింది. “చెల్లుతుంది. నియమం పెట్టిన కాలంలో పులులు చిన్నవి. కాలంతోపాటు పులి పెరిగింది. పులి పెరిగితే దూకుడు పెరగవద్దూ?”

రాజుగారి మీసం అదిరింది. అయినా పళ్లు బిగబట్టి, మిగిలిన మేకలతోనే ఇంకో పులిని చుట్టూ కట్టేశాడు. కొండుభట్టు ఆ పులిని గీత లేని చోటునుంచి నడిపించేశాడు.

“పులి గీత లేని చోట నడిచింది. చెల్లుతుందా?”

“గీతనేమిటయ్యా చూస్తావు మాచనా! గీసినవాడి మనసు చూడాలి. పులి కదలాలనే గదా వాడు గీత గీసింది? కదిలింది. చెల్లుతుంది.”

ఇక రాజుగారు ఆగలేకపోయాడు. పీట తన్నుకుని లేచాడు.

“ఏమిటీ అన్యాయం! ఆట మొదలెట్టినప్పుడు లేని నియమం నడిమధ్య ఎక్కడినుంచి ఊడిపడింది? ఇట్లా అయితే నా మేకలేం కావాలి?”

రాజుగారి గొంతు విన్నాడు గానీ, ఆ మురిపెంలో మాటలు వినలేదు శాస్త్రి. తెర తీసుకుని చేతులు జోడిస్తూ వచ్చాడు. “మహాప్రభూ! తమ పులులను ఎలా కాపాడానో చూశారా?”

“పులులు నావి కావయ్యా! మేకలు నావి!”

శాస్త్రి ఒక్క గుటక మింగాడు. ఒక్కటే. “అలాగా ప్రభూ! అయితే మరొక్కసారి పరిశీలిస్తే... మేక కూడా పులి మీదుగా దూకవచ్చుననే తోస్తోంది.”

రాజుగారు శాస్త్రిని చూశాడు, పలకను చూశాడు, ఒక మూల నిలబడ్డ మైలారమ్మను చూశాడు. ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

“భట్టూ,” అన్నాడు మెల్లగా, “ఇది నా కోసం పన్నిన పన్నాగమేనా?”

“అవును ప్రభూ. పులుల పక్షాన కూర్చున్నవాళ్లకు గీతలతో పనిలేదు. గీతలు మేకలకే కావాలి. ఇవాళ తాతగారి మాటకు అమావాస్య అడ్డం పెట్టినవాడు, రేపు మీ మాటకు గ్రహణం అడ్డం పెడతాడు. అప్పటికి ఎవరు పులో, ఎవరు మేకో!”

రాజుగారు మాచన వైపు తిరిగాడు. “ఆ శాసనానికి నువ్వేం అర్థం చెబుతావు?”

“రాసింది రాసినట్టే,” అన్నాడు మాచన. “మార్చాలంటే ఏలినవారు కొలువు తీర్చి, అందరి ఎదుటా కొత్త శాసనం చెక్కించాలి. అది రాజు పని. ధర్మాసనం మీద కూర్చున్నవాడు చదవాలి గానీ ఉలి పట్టకూడదు.”

“అయితే నువ్వే ఎక్కు ధర్మాసనం! బీడు మైలారమ్మ వాళ్లదే. నాటకశాల మాట ఇక లేదు. ఆ మేళంవాళ్లను సంతలో ఆడుకోమనండి. వీధి భాగవతానికి నూనె మన కోటనుంచి పంపండి.” అని ఊపిరి తీసుకుని, మీసం మెలేశాడు. “ఇక మొదటి తీర్పు చెప్పు మాచనా. దొంగ ఎత్తులు తీసేస్తే ఆట నాదేగా?”

మాచన పలక వైపు చూశాడు. “కాదు.”

“కాదా!”

“మేకలన్నీ పలక మీదికి దిగేదాకా ఒక్క మేకనూ కదపకూడదు. ఏలినవారి పిడికిట్లో ఒక మేక ఇంకా ఉండగానే, పలక మీది మేకను జరిపారు. భట్టుగారు చూడలేదు, నేను చూశాను. ఆ ఎత్తు చెల్లదు. వెనక్కి పెడితే పులికి సందు దొరికి, మేకలను ఒక్కొక్కటిగా తినేస్తుంది. ప్రభువు ఓడారు.”

దువ్వెన నౌకరు దువ్వెన జారవిడిచాడు. ఆ రాజుతో ఓడారని అన్నవాడు అంతవరకూ ఎవడూ లేడు మరి!

రాజుగారు పిడికిలి విప్పి చూసుకున్నాడు. అందులో మేక ఉంది. ముందు మీసాలు కదిలాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత కొలువంతా అదిరిపోయేలా నవ్వాడు. మైలారమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“తగిన న్యాయాధికారినే తెచ్చిపెట్టావోయ్ భట్టూ! ఓడినవాడు ఇచ్చుకోవాలి గదా, ఇంద!” అని చేతి బంగారు కంకణం తీసి కొండుభట్టు చేతికి తొడిగాడు. తొడిగి, ఎందుకైనా మంచిదని పక్కకు చూశాడు.

“మాచనా, ఇది చెల్లుతుందా?”

“చెల్లుతుంది ప్రభూ,” అన్నాడు మాచన. “కంకణం తమ సొంతం గదా.”