జత లేని సొమ్ము

నబీరసూల్ క్లబ్బునైతే కొన్నాడు గానీ, క్లబ్బులో ఉన్నవాళ్లలో ఒక్కరూ ఆయనకు నచ్చలేదు.

నాపరాళ్ల గనుల పక్కనున్న కొలిమికుంట ఊరి ఫుట్‌బాల్ జట్టు అది. పేరు కొలిమికుంట బాయ్స్. పేరుకు బాయ్సే, కెప్టెన్ పక్కీరప్పకు ముప్పై అయిదు దాటాయి. గోల్ దగ్గర నిలబడే మౌలాలి పగలంతా పరుపులు కుడతాడు. మిగతావాళ్లు రాళ్లు కోసే మిల్లుల్లో పనిచేసి, ఒంటికి అంటిన తెల్లటి దుమ్ముతోనే సాయంత్రం మైదానానికి వస్తారు. బాగా ఆడతారా అంటే ఆడతారు. గెలుస్తారా అంటే, ఎప్పుడో ఒకసారి.

నబీరసూల్ పుట్టింది ఈ ఊళ్లోనే. జట్టు ఓడిపోయి వచ్చినప్పుడల్లా పక్క ఊళ్లవాళ్లు బస్టాండులో ఎట్లా ఎగతాళి చేసేవాళ్లో ఆయన మరిచిపోలేదు. బెంగళూరులో గ్రానైట్ వ్యాపారం చేసి పైకొచ్చాడు. అక్కడి వాటా అమ్మేసి వచ్చి, మూతపడబోతున్న క్లబ్బును తీసుకున్నాడు. ఈ ఏడు జట్టు పై లీగుకు ఎక్కకపోతే ఆ సొమ్మంతా మట్టిలో పోసినట్టే. ఈ సంగతి భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అందుకని ఆలోచన గట్టిగానే చేశాడు. గోవా నుంచి ఒక ఆటగాడు, కలకత్తా నుంచి ఒకడు, నైజీరియా నుంచి ఒకడు. వాళ్లకు తోడుగా బయటి ఊళ్ల నుంచి కుర్రవాళ్లు. పాతవాళ్లకు సెలవు. హైదరాబాదు నుంచి తెచ్చుకున్న మేనేజర్ శ్రీకర్ అన్నీ సిద్ధం చేసిపెట్టాడు. శుక్రవారం పొద్దున సంతకాలు.

ఒక్కటే మిగిలింది. కాశింవలి తాత చెయ్యి పడందే నబీరసూల్ ఏ పెద్ద సొమ్మూ ఖర్చు పెట్టడు. బెంగళూరులో మొదటి లారీ కొన్నప్పుడు కూడా నోట్లు ఇక్కడికి తెచ్చి ముట్టించుకుని పోయాడు.

కాశింవలి తాత ఒకప్పుడు దూదేకి బతికినవాడు. ఊరి బయట తన గురువు సమాధి పక్కనే చిన్న ఇంట్లో ఉంటాడు. తాయెత్తులు కట్టడు, జోస్యం చెప్పడు. ఏదడిగినా సూటిగా జవాబు రాదని కొందరికి ఆయన మీద కోపం కూడా. నబీరసూల్ ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడైంది మీసాలు మొలిచే వయసులో.

బుధవారం మధ్యాహ్నం వెళ్లి, తాత ముందు కూర్చుని, తన ఆలోచనంతా చెప్పాడు. గోవావాడి ఎడమకాలు గురించి చెప్పాడు. నైజీరియావాడు ఎంత ఎత్తుకు ఎగిరి తలతో కొడతాడో చేత్తో చూపించాడు. తాతకు ఫుట్‌బాల్ తెలియదు. అయినా చెరువుకు గండి పడిన కథ విన్నట్టు శ్రద్ధగా విన్నాడు.

అంతా విన్నాక ఒక్క మాట అడిగాడు. "ఇప్పుడుండే పిల్లోళ్లు?"

"వాళ్లకు చెప్పేసినాం తాతా."

"నువ్వు చెప్పినావా?"

"మేనేజర్ చెప్పినాడు. పెద్ద క్లబ్బుల్లో అట్లనే చేస్తారు."

తాత తల ఊపాడు. అది ఒప్పుకున్నట్టో, విన్నానన్నట్టో నబీరసూల్‌కు తెలియలేదు. "రేపు బేస్తవారం గదా, పాటకు తీసుకురా సొమ్ము" అన్నాడు తాత. చెంబులో నీళ్లు తాగి, ఎండకు కళ్లు మూసుకున్నాడు.

ప్రతి బేస్తవారం సాయంత్రం నమాజు అయ్యాక అక్కడ పాట ఉంటుంది. ముసలి హుస్సేన్‌సా హార్మోనియం పెట్టుకుని తత్వాలు పాడతాడు, పక్కన ఇద్దరు డప్పు వాయిస్తారు. ఊళ్లో విత్తనాలకో, బోరుకో, కొత్త దుకాణానికో సొమ్ము పెట్టేవాళ్లు ఆ సమయంలోనే దాన్ని తెచ్చి తాత ముందు పెడతారు. తాత ముట్టుకుని, ఒక్క నోటు తీసి పాటగాళ్లకిచ్చి, మిగతాది తిరిగి ఇచ్చేస్తాడు. ఆ సొమ్ము ఆయన చేతికి చేరేదాకా పాటగాళ్లు ఏ చరణంలో ఉంటే ఆ చరణమే మళ్లీ మళ్లీ పాడాలి. అది అక్కడి పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. సొమ్ము ఒక్కరే తేకూడదు. ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని, పట్టుకున్న చేతుల మీద పెట్టుకుని తేవాలి. మొగుడూ పెళ్లాలు వస్తారు, అన్నదమ్ములు వస్తారు, భాగస్తులు వస్తారు. నబీరసూల్ ఇదివరకు వచ్చినప్పుడల్లా, క్లబ్బు కొన్నప్పుడు కూడా, తండ్రి జతగా ఉండేవాడు. తండ్రి పోయి ఏడాదైంది. ఆ రోజు హడావిడిలో ఈ సంగతే ఆయనకు తట్టలేదు.

బేస్తవారం చాపలు నిండా జనం. ముందు వరసలో నబీరసూల్, పక్కన శ్రీకర్. గుమ్మం దగ్గర వెనక వరసలో పక్కీరప్ప, మౌలాలి, జట్టులోని ఇంకొందరు. వాళ్లు ప్రతి వారం వచ్చేవాళ్లే. మానేస్తారేమో అనుకున్నాడు నబీరసూల్. మానలేదు. ఎవరూ ఆయన వైపు చూడనూ లేదు.

హుస్సేన్‌సా ఏరు దాటే తత్వం ఎత్తుకున్నాడు. రెండో చరణంలో నబీరసూల్ లేచాడు. ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన అడ్వాన్సు సొమ్ము రెండు చేతులా పట్టుకుని తాత ముందుకు వెళ్లి వంగాడు.

తాత చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"జత యాడబ్బయ్యా?" అన్నాడు నెమ్మదిగా.

నబీరసూల్ ముఖం వేడెక్కింది. వెనక్కి తిరిగి చూశాడు. శ్రీకర్ తెలివైనవాడు, విషయం పట్టేసి చటుక్కున లేచి వచ్చి, "నేనున్నాను సార్" అంటూ చెయ్యి కలిపాడు.

తాత శ్రీకర్‌ను ఆప్యాయంగా చూశాడు. భోంచేసినావా నాయనా అని అడిగాడు. చేశానన్నాడు శ్రీకర్. అప్పుడు తాత నబీరసూల్ వైపు తిరిగాడు.

"కొన్న చెయ్యి నీ చెయ్యే నబీ. రెండోది తెచ్చుకో."

ముందు వరసలో ఎవరో నవ్వి, నవ్వును దగ్గులోకి మార్చుకున్నారు. శ్రీకర్ వెళ్లి కూర్చున్నాడు. హుస్సేన్‌సా అదే చరణం మళ్లీ ఎత్తుకున్నాడు.

నబీరసూల్ నిలబడే ఉన్నాడు. ఈ ఊళ్లో ఆయనకు తెలియని మనిషి లేడు. గనుల యజమానులున్నారు, మేనమామ కొడుకున్నాడు, ఆయన దగ్గర ఉపకారం పొందినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ పోయాడు. పిలిస్తే ఎవరైనా వస్తారు. కానీ వచ్చినవాడి చెయ్యి పట్టుకుని తాత ముందు నిలబడితే, తాత ఏమంటాడో ఈసారి ఆయనకు ముందే తెలిసిపోతోంది.

పాట తిరిగి తిరిగి ఏటి ఒడ్డునే నిలబడింది. అవతలికి పోవడం లేదు.

నబీరసూల్ చాపల మధ్య నుంచి నడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లాడు. పక్కీరప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాకు జతగా రా, పక్కీరప్పా."

పక్కీరప్ప తల ఎత్తలేదు. "మమ్మల్ని పొమ్మన్నావంట గదన్నా."

"అన్నాను."

"మీ మేనేజర్ ఇంగ్లీషులో మెసేజ్ పెట్టినాడు. మౌలాలి కూతురితో చదివిచ్చుకున్యాడు. ఆ పాప చదివి, నాయనకు అర్థం చెప్పలేక ఏడ్చింది."

సర్దిచెప్పే మాటలు నబీరసూల్ దగ్గర చాలానే ఉన్నాయి. లీగు సంగతి, పోటీ సంగతి, వయసు సంగతి. వాటిని బుధవారం తాత ముందు చక్కగా చెప్పాడు కూడా. ఇప్పుడు వాటినన్నిటినీ పక్కన పెట్టాడు.

"నేనే వచ్చి చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్పాల్సింది కాదు. అడగాల్సింది."

నబీరసూల్ మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. లేచి పోదామా అని ఒక క్షణం అనిపించింది కూడా. సొమ్ము తనది, క్లబ్బు తనది. తాత ముట్టకపోయినా సంతకాలు ఆగవు. గుమ్మం పక్కనే ఉంది, బయట కారు ఉంది.

ఆయన లేవలేదు.

పక్కీరప్ప పక్కన మౌలాలి కదిలాడు. "లెయ్యి పక్కీరన్నా" అన్నాడు గొణుగుతున్నట్టు. "ముసిలాయన గొంతు పోతాంది. రేపు ఆయప్పకు పెండ్లి కచేరి ఉంది. ఆ పాపం మనకెందుకు?"

వెనక వరసంతా నవ్వింది. పక్కీరప్ప నవ్వలేదు గానీ, లేచాడు. చొక్కాకు చెయ్యి తుడుచుకుని ముందుకు చాపాడు. రాళ్ల మిల్లులో పనిచేసే చెయ్యి, గరుకుగా ఉంది. నబీరసూల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న చేతుల మీద ఆకుపచ్చ మూట పెట్టుకుని ఇద్దరూ చాపల మధ్య నుంచి మెల్లగా నడిచారు. ఒకరి అడుగు పెద్దది, ఇంకొకరిది చిన్నది. మూట రెండుసార్లు జారబోయింది. మూడోసారికి అడుగు కలిసింది.

తాత మూట మీద అరచెయ్యి ఆనించాడు. ఒక నోటు లాగి హార్మోనియం మీద పెట్టాడు. హుస్సేన్‌సా పెద్దగా ఊపిరి తీసుకుని తరవాతి చరణంలోకి దూకాడు. డప్పులు ఒక్కసారిగా మోగాయి.

మిగిలిన సొమ్మును తాత ఎవరి చేతికీ ఇవ్వలేదు. మళ్లీ ఆ కలిసిన చేతుల మీదే పెట్టి, ఇక పొండి అన్నట్టు కళ్లతో చూపించాడు.

ముందు వరసలో శ్రీకర్ జరిగి చోటు చేశాడు, రమ్మన్నట్టు సైగ చేశాడు. నబీరసూల్ పక్కీరప్ప వెంట గుమ్మం దాకా వెళ్లి, మౌలాలి జరిగి ఇచ్చిన చోట ఇరుక్కుని కూర్చున్నాడు. మూట ఇద్దరి చేతుల మీదే ఉంది. ముందు ఎవరు తీయాలో ఇద్దరికీ తెలియలేదు.

కొంతసేపటికి పక్కీరప్ప, పాట వైపే చూస్తూ, మెల్లగా అన్నాడు. "ఆ గోవా పిల్లోడు ఎడమకాలుతో ఆడతాడంట గదా."

"ఆ."

"ఎడమ పక్క మనకు మనిషి లేడు. మూడేండ్ల నుంచి అక్కడే ఓడిపోతాండాం. వాణ్ని రానీ. మిగతా ఇద్దరు ఎందుకన్నా?"

నబీరసూల్ చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా తియ్యలేదు. పాటలో మాట వినబడక, చెవి కొంచెం దగ్గరికి వంచాడు.

"చెప్పు" అన్నాడు.