గానుగెద్దును సాగనంపిన రోజు

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ నేలలోనే మాడిపోయింది. గింజ లేకపోతే గానుగకేం పని? ఓబులేసు పెరట్లో గానుగ ఆగి మూడు నెలలైంది. దాన్ని తిప్పే ఎద్దు మైలన్న కూడా దానితోపాటే ఆగిపోయాడు.

పని లేకపోతే హాయిగా పడుకోవచ్చు కదా అంటారు, పని ఉన్నవాళ్లు. మైలన్నకు నిద్రే పట్టడం లేదు. తొట్టిలో మేత ఉన్నా మూతి పెట్టడు. కళ్ల మీద ఈగలు వాలినా తల విదల్చడు.

నూనె డబ్బాలు సంతకు మోసే గాడిద గంగులుకు ఇది చూసి ఒళ్లు మండింది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నువ్వు కూర్చునీ కూర్చుంటివి, తినకా పోతివి! లేచి నాలుగడుగులెయ్యి, అదే పోతాది."

గంగులుకు కపటం లేదు, ఆలోచనా లేదు. మైలన్న ఇంకా ముడుచుకుపోయాడు.

మేక చుక్కమ్మ, బర్రె గవురమ్మ మరోలా తప్పు చేశారు. ఏమీ అడక్కుండా, తమ వాటాలోంచి చెరో నోటెడు గడ్డి తెచ్చి అతని తొట్టిలో వేయసాగారు. తింటే కోలుకుంటాడనుకున్నారు పాపం.

కంచె అవతల నుంచి ఇదంతా నక్క చూసింది. కరువుకు దాని డొక్కలూ అంటుకుపోయాయి మరి.

"చూశావా మైలన్నా," అంది తీయగా. "నీ కోసం చుక్కమ్మ పస్తుంటోంది. పని చేయని నోరు ఇంటికి బరువే కదా?"

"నాకూ అదే అనిపిస్తాంది నక్కబావా. పొద్దున లేస్తానే భయమేస్తాంది. దేనికో తెలీదు."

"పొలిమేరలో వాగుంది కదా, ఆ వంక దాటితే చల్లని నీడ ఉంది. రేపు మధ్యాహ్నం వచ్చి పడుకో, మళ్లీ లేచే పని లేదు. మీవాళ్లకు గడ్డీ మిగులుతుంది. ఒక్కటే మాట, ఎవరికీ చెప్పొద్దు. నవ్వుతారు."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. మైలన్న తలూపాడు.

మర్నాడు పొద్దున చుక్కమ్మ అతని ముట్టెకు మూతి ఆనించింది. తడిగా ఉండాల్సిన ముట్టె ఎండిపోయి గరుకుగా తగిలింది.

"అన్నా, నెమరేసి ఎన్నాళ్లాయె?"

మైలన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను నవ్వను, తిట్టను. చెప్పు."

"గుర్తులేదు చెల్లీ."

"ఇది సోమరితనం కాదన్నా, జబ్బు. మా అమ్మకూ వచ్చింది. మేం కనిపెట్టలేకపోతిమి. చచ్చిపోవాలని ఉందా నీకు?"

అంత సూటిగా ఎవరూ అడగలేదు అతన్ని. కళ్లలో నీళ్లు తిరిగాయి. నక్క సంగతితో సహా అంతా చెప్పేశాడు.

"నేను పోతే మీ మేత మీకు మిగుల్తాది కదా!"

"ఆ మేత పెట్టింది నువ్వుండాలనే అన్నా. నోరు తెరిచి ఆ మాట చెప్పకపోవడం మాదే తప్పు."

వద్దని ఆపితే నక్క రేపు మళ్లీ వస్తుంది. ఆ నీడ సంగతేమిటో అన్నే కళ్లారా చూడాలనుకుంది చుక్కమ్మ.

"సరే, పోదాం పద. మన పెరట్లోంచి ఎవరు బయల్దేరినా పొలిమేర దాకా సాగనంపడం మన ఆనవాయితీ. మేమూ వస్తాం."

చుక్కమ్మ మిగతా ఇద్దరికీ సంగతి చెప్పింది. ఎండలో నలుగురూ బయల్దేరారు. మైలన్న వణుకుతుంటే గవురమ్మ అతని పక్కకు ఆనుకుని నడిచింది. తానన్న మాటలు గుర్తొచ్చి గంగులు తల ఎత్తలేదు. అందరికంటే చుక్కమ్మకే భయం. అక్కడికెళ్లాక కూడా అన్న పడుకుంటానంటే తానేం చేయగలదు?

వంక దాటగానే తుమ్మచెట్టు నీడలో నక్క కనిపించింది. దాని వెనక పొదలో మరో ఆరు నక్కలు పళ్లు నూరుతున్నాయి.

"ఒక్కడివే రమ్మన్నాను కదా!" అని నక్క అరిచింది.

"సాగనంపను వచ్చినాం బావా," అంది చుక్కమ్మ. "నీడ చూపిస్తానంటివి. మరి ఈ చుట్టాలంతా ఎందుకు? విందుకా?"

మైలన్న ఆ పళ్ల వంక చూశాడు. చాలాసేపు చూశాడు.

"చెల్లీ, ఇంటికి పోదాం," అన్నాడు.

మూడు నెలల్లో అతను నోరు తెరిచి కోరిన కోరిక అదొక్కటే. గవురమ్మ కొమ్ములు దించింది. గంగులు వెనక్కి తిరిగి ఒక్కటి తన్నేసరికి నక్కకు రెండు పళ్లు రాలాయి. చుట్టాలు దాన్నే తిట్టుకుంటూ పరుగు తీశాయి.

మైలన్న ఆ రోజే బాగుపడలేదు. మర్నాడు పొద్దున కూడా ఆ భయం వచ్చింది. చుక్కమ్మ అరిచి గోల చేస్తే ఓబులేసు వచ్చి చూసి, పశువుల డాక్టర్ని పిలిచాడు. "ఎట్లుంది అన్నా?" అని రోజూ అడగడం గంగులు నేర్చుకున్నాడు. కొన్ని రోజులు మైలన్న జవాబిచ్చాడు, కొన్ని రోజులు ఇవ్వలేదు.

సిగ్గులేని నక్క పదిహేను రోజులకు మళ్లీ కంచె దగ్గర చేరింది.

"మైలన్నా, నీకొక్కడికే ఒక మాట చెప్పాలి..."

"ఆగు బావా, చుక్కమ్మను పిలుస్తా. ఆమె ముందరే చెప్పు."

నక్క తోక ముడిచింది.

నీ బాధ ఎవరికీ చెప్పొద్దనేవాడు నీ బాగు కోరేవాడు కాడు.