మొదటి కుంచం ఎవరిది?

కరువు మూడో ఏడు. "గాదెలు తెరవకండి ప్రభూ! ధర పెరిగితే వర్తకులే ధాన్యం తెస్తారు. లాభం లేనిదే ఏ మనిషీ అడుగు వేయడు, నోరు విప్పడు. నా సూత్రమంతా అదే," అన్నాడు ఆస్థాన పండితుడు విరూపాక్షుడు.

"కాదన్నవాడి తల తీయిస్తా," అన్నాడు రాజు.

గాదెల దగ్గర ధాన్యం కొలిచే సింహాద్రి ముందుకొచ్చాడు. వాడింట్లో పొయ్యి వెలిగి రెండ్రోజులైంది.

"కాదనను దొరా. కొలతలో మేం మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనం, ‘లాభం’ అంటాం. మరి ఈ సలహాకి నోరు విప్పిన పండితులవారికి ఆ మొదటి కుంచం ఎక్కణ్ణుంచి వస్తోంది?"

లాభం లేదంటే సూత్రం తప్పు, ఉందంటే రాజుని మోసగించినందుకు తల పోతుంది. రాజు మెల్లగా పండితుడి వైపు తిరిగాడు.

సాయంత్రం సింహాద్రి జనానికి "లాభం" అంటూ కొలత మొదలుపెట్టాడు, పండితుడి పెరట్లో భటులు తవ్వితే బయటపడ్డ ధాన్యపు పాతర నుంచి.