తెలియదనే మాట

అడిగినదానికి వెంటనే బదులు చెప్పే అలవాటు ఆదిశేషు మాస్టారికి లేదు. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పడం మానేసి చాలా కాలమైనా, కాకినాడలో ఆయన మేడగదికి శిష్యులు వస్తూనే ఉండేవారు. వాళ్ళలో హైమావతి అనే అమ్మాయి సొంతంగా ఒక కొత్త ప్రోగ్రామింగు భాష తయారుచేస్తోంది.

"మాస్టారూ, ఇది పెద్ద కంపెనీల కోసం కాదు. ఎవరైనా ఒక పూటలో రాసుకునే చిన్న చిన్న ప్రోగ్రాముల కోసం" అంది ఒకనాడు. "ప్రతి పొరపాటుకీ ఆగిపోయి మనిషిని విసిగించకూడదు. రావలసిన విలువ రాకపోతే సున్నా అనుకుని ముందుకు సాగిపోవాలి. ఇంకా ఏ లక్షణాలు ఉండాలంటారు?"

"ఆదివారం నాతో రా" అన్నారాయన.

ఇద్దరూ బస్సెక్కి కొండల వైపు వెళ్ళారు. దారిలో మాస్టారు తన పాత శిష్యుడు భూషణం సంగతి చెప్పారు. ఆ కొండల్లో ఒక వాగుంది. దాని మీద వంతెన లేదు, నీళ్ళలోంచి నడిచి దాటాలి. భూషణం అక్కడ నీటి లోతు కొలిచే పరికరం ఒకటి పెట్టి, దానికో ప్రోగ్రాము రాశాడు. లోతు మోకాలు దాటితే గట్టు మీద ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం. రెండు వానాకాలాలు అది చక్కగా పనిచేసింది. ఊరు దాన్ని నమ్మింది. మూడో ఏడు, కొట్టుకొచ్చిన మాను ఒకటి తగిలి పరికరం తీగ తెగింది. ఆ తరవాత ప్రోగ్రాముకు ఏ అంకే అందలేదు. అతను వాడిన భాష ఖాళీని సున్నాగా తీసుకునే రకం. వాగు పొంగుతుంటే గట్టు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

మాస్టారు అంతవరకే చెప్పారు. బస్సు దిగి, వాగు ఒడ్డున ఒక పాకకు తీసుకెళ్ళారు. అక్కడ రాజులమ్మ అనే ఆమె చింతపండు గింజ తీస్తోంది. మాస్టారిని గుర్తుపట్టి చాప వేసింది. ఈ అమ్మాయి కూడా భూషణం చదివిన చదువే చదివిందని ఆయన చెప్పారు.

రాజులమ్మ హైమావతి వైపు తిరిగింది.

"నీళ్ళ చప్పుడు చెవులకు తెలుస్తానే ఉంది. ఆగుదామన్నాను. మనకంటే ఆ దీపానికి బాగా తెలుసులే అని మా ఆయన ముందు దిగాడు. మళ్ళీ గట్టెక్కలేదు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "ఇన్నాళ్ళూ ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నా. నువ్వు చదువుకున్నదానివి కదమ్మా. ఆ పొద్దు దానికి ఏం తెలుసు?"

"ఏమీ తెలియదమ్మా" అంది హైమావతి.

"మరి తెలియదని చెప్పలేదేం?"

రాజులమ్మ మళ్ళీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో, బస్సు కొండలు దాటాక హైమావతి నెమ్మదిగా అంది: "సున్నా తీసేస్తాను మాస్టారూ. విలువ రాకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగిపోయేట్టు చేస్తాను."

"ఆగిపోతే దీపం ఆరిపోతుంది. ఆరిన దీపాన్ని చూసి రాజులమ్మ ఏమనుకోవాలి?" అన్నారు మాస్టారు.

కిటికీ బయటికి చూస్తూ ఆయనే మళ్ళీ అన్నారు:

"ఆగినప్పుడు అది ఆమెతో ఏ మాట చెబుతుందో ముందు ఆలోచించు. మిగతా భాష ఆ తరవాత."