పడవకు పట్టా

దానయ్య ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ పడవలకు తెరచాపలు కుట్టాడు. ఇక భార్యతో కలిసి తీరాలన్నీ తిరిగి చూడాలని, ఉన్న ఇల్లు అమ్మి, పడవలకు పేరుపడ్డ శంఖద్వీపం చేరి మంచి తెరచాప పడవ కొన్నాడు.

దాన్ని సముద్రం మీద నడుపుకోవడానికి పట్టా అడిగితే రేవు అధికారి మీసం దువ్వుకుంటూ, "ఈ రేవులో కాపురం ఉండేవాడికే పట్టా. నువ్వు పరదేశివి, పో!" అన్నాడు.

"అయితే పట్టా లేకుండానే పోతానండి."

"పట్టా లేని పడవ రేవు దాటదు."

"పడవ లేకుండా నేను కదలనండి."

"అయితే చచ్చేదాకా ఇక్కడే పడి ఉండు!" అని అధికారి రేవంతా వినబడేలా అరిచాడు.

దానయ్య తిన్నగా పడవకు వెళ్ళాడు. పడవలో పొయ్యి పెట్టించి, భార్య వండిన చేపల పులుసుతో కడుపునిండా తిని మళ్ళీ అధికారి దగ్గరికి వచ్చాడు.

"కాపురం పెట్టేశామండి. చచ్చేదాకా ఇక్కడే ఉండమని తమరే సెలవిచ్చారు. అలా ఉండేవాడు పరదేశి ఎలా అవుతాడు? పట్టా ఇప్పించండి."

"ఇస్తే సముద్రం మీదికి పోతావుగా!"

"ఈ రేవు జాలర్లు రోజూ పోయేది అక్కడికే కదండీ. వాళ్ళూ పరదేశులేనా?"

చుట్టూ మూగిన జాలర్లు గొల్లున నవ్వారు. అధికారి మొహం మాడ్చుకుని పట్టా రాసిచ్చి, "మళ్ళీ ఎప్పుడొస్తావో?" అని గొణిగాడు.

దానయ్య తాపీగా తెరచాప ఎత్తాడు.

"సొంత ఊరికి రాకుండా ఎక్కడికి పోతానండీ? నేనొచ్చేదాకా మా ఊరు కాస్త జాగ్రత్తగా చూసుకోండి."