రాగమ్మ గుమ్మానికి వేపమండ

అనగనగా, నల్లరాళ్ల గుట్ట వెనకాల ఒక అడవి. ఆ అడవిలో రాగమ్మ అనే ముంగిస తన ముగ్గురు పిల్లలతో ఒక బొరియలో అద్దెకుండేది. ఆ బొరియ పేరయ్య అనే ముళ్లపందిది. పున్నమి వచ్చిందంటే చాలు, రాగమ్మ అతనికి దుంపలో, వేరుశనక్కాయలో అద్దెగా ఇచ్చేసేది.

రాగమ్మ పనేమిటంటే, ఎవరింట్లో పాము దూరినా వెళ్లి తరిమెయ్యడం. చేతినిండా పని, కడుపునిండా తిండి. ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు. ఆ మాట చెప్పుకోవడం ఆవిడకి మహా ఇష్టం.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో అడవికి దగ్గుజబ్బు వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే మాయదారి జబ్బు. సింహం చాటింపు వేయించింది.

"ఎవరిళ్లల్లో వాళ్లుండండి! జబ్బున్న గుమ్మానికి వేపమండ కట్టండి! మండ కట్టిన గుమ్మం ఎవరూ తొక్కకండి!"

దాంతో రాగమ్మ పని పోయింది. కబురుపెట్టిన వాళ్లే గుమ్మంలోనే ఆపేశారు.

"పాముంటే ఉండనీలే తల్లీ. నువ్వు మాత్రం లోపలికి రాకు" అన్నారు.

పాము కన్నా దగ్గంటేనే భయమైపోయింది, చూశారా పిల్లలూ!

పున్నమి వచ్చింది, వెళ్లింది. రాగమ్మ అద్దె ఇవ్వలేకపోయింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. ఈ వానల్లో పేరయ్య ఖాళీ చెయ్యమంటే పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోవాలి? ఆవిడకి ఎటూ పాలుపోలేదు.

అంతలో కాకి కొమ్మ మీద వాలి అరిచింది. "తిండి లేనివాళ్లకి తిండి! గూడు లేనివాళ్లకి గూడు! రాజుగారి సాయం!"

రాగమ్మ ముందు తిండి పంచే ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది.

"నీ బొరియ ఎక్కడ?" అంది ఎలుగుబంటి.

"చింతల దిబ్బ కింద. అద్దెది."

"అద్దెదా? సొంత బొరియ ఉన్నవాళ్లకే నేను తిండి పంపేది. అద్దె బొరియలో ఇవాళ ఉంటావు, రేపు లేచిపోతావు. నిన్నెక్కడ వెతకను? గూళ్లిచ్చే నక్క దగ్గరికి వెళ్లు."

రాగమ్మ నక్క దగ్గరికి వెళ్లింది.

"నీకు బొరియ లేదా?" అంది నక్క.

"ఉంది. కానీ అద్దె ఇవ్వలేకపోతున్నా. ఖాళీ చెయ్యమంటాడేమో."

"చెయ్యమన్నాడా?"

"ఇంకా అనలేదు."

"అనలేదంటే ఉన్నట్టేగా! వెళ్లగొట్టాక రా, చూద్దాం."

రాగమ్మకి తల తిరిగిపోయింది. తిండి కావాలంటే బొరియ ఉండాలి. బొరియ కావాలంటే ఉన్నది పోవాలి. ఉందనాలా, లేదనాలా? తోవలో ఎదురైన చెట్టునల్లా అడిగింది పాపం. చెట్లేం చెబుతాయి?

చివరికి దుప్పి దగ్గరికి చేరింది. అద్దె ఇళ్ల సాయం ఈ దుప్పి చూస్తుంది.

"సాయం ఉందమ్మా" అంది దుప్పి. "కాకపోతే బొరియగలాయన వచ్చి, ఈవిడ మా బొరియలోనే ఉంటోందని నా ముందు నోటితో చెప్పాలి."

రాగమ్మ ఇంటిదారి పట్టింది. పేరయ్య నోటిమాటా? అద్దె ఎగ్గొట్టిన మొహం పెట్టుకుని ఆయన్నెలా అడగడం?

అడగాలా వద్దా అని సతమతమవుతూ ఇంటికొచ్చింది. వచ్చేసరికి దిబ్బ మీంచి ముళ్లు గలగలలాడించుకుంటూ పేరయ్య దిగి వస్తున్నాడు.

"అయ్యో, అద్దెకే వస్తున్నాడు!" అనుకుంది రాగమ్మ. ముందూ వెనకా చూసుకోలేదు. పక్కనున్న వేపకొమ్మ విరిచి గుమ్మానికి కట్టేసి లోపలికి దూరింది. జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఒట్టి భయం!

పేరయ్య వచ్చాడు. మండ చూసి ఆగాడు. ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

"బతికిపోయాం!" అంది రాగమ్మ.

కానీ మండ చూసింది పేరయ్య ఒక్కడే కాదు కదా. కాసేపటికి, మందు పంచే ఏనుగు ఆనపకాయ బుర్రతో కషాయం తెచ్చింది. గుమ్మం ముందు దొప్పల్లో పోసి వెళ్లింది. జబ్బున్న ఇంట్లో గింజ ముట్టకూడదని ఆ అడవి పద్ధతి. అందుకని మండ ఉన్న ఇంటికి కషాయం తప్ప మరేమీ రాదు. చివరికి చుట్టుపక్కల వాళ్లు జాలిపడి విసిరే కాయా కసరూ కూడా ఆగిపోయాయి.

"అమ్మా, చేదు!" అని ఏడ్చారు పిల్లలు. "అమ్మా, ఆకలి!" అని ఇంకా గట్టిగా ఏడ్చారు.

మర్నాడు మళ్లీ ఏనుగు వచ్చింది. దొప్పలు నింపింది. బుర్ర తిరగేసి చూసుకుని నిట్టూర్చింది.

"ఖాళీ అయిపోయిందే! వాగు పక్క కుందేలు ముసలమ్మకి ఇవాళా లేదు. అడవిలో ఇన్ని గుమ్మాలకి మండలుంటే ఎంత కాచినా ఎక్కడ సరిపోతుంది? మూలుగు ఇక్కడికే వినిపిస్తోంది, పాపం."

రాగమ్మ చెవులు రిక్కించింది. నిజమే, మూలుగు వినిపిస్తోంది. తన గుమ్మం ముందున్న దొప్పల వంక చూసింది. ఆవిడకి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది.

గబగబా బయటికొచ్చి మండ పీకేసింది. దొప్పలు తీసుకుని వాగు దగ్గరికి పరుగెత్తింది. ముసలమ్మ గుమ్మం బయట పెట్టి, దూరంగా నిలబడి, ఆవిడ తాగేదాకా చూసింది. అక్కణ్నుంచి నేరుగా పేరయ్య ఇంటికి నడిచింది.

తీరా చూస్తే పేరయ్య గుమ్మానికీ వేపమండ!

రాగమ్మ అయోమయంగా నిలబడిపోయింది. పిలవాలా? వెళ్లిపోవాలా? వెళ్లిపోతే ఇక అడగక్కర్లేదు. కానీ పిల్లల ఆకలి ఏడుపులు గుర్తొచ్చి, దూరం నుంచే గొంతెత్తింది.

"మావయ్యా! నాకు జబ్బు లేదు. నువ్వు అద్దెకొస్తున్నావని భయపడి మండ కట్టాను. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. దుప్పి దగ్గర నాకు నీ నోటిమాట సాయం కావాలి!"

లోపల ముళ్లు గలగలమన్నాయి.

"నాకూ జబ్బు లేదమ్మాయ్" అన్నాడు పేరయ్య, తల బయటపెట్టి. "అద్దెకున్న వాళ్లంతా వచ్చి గడువడుగుతుంటే ఏం చెప్పాలో తెలీక కట్టాను. మీ అద్దె దుంపలతోనే కదా నా పొయ్యి వెలిగేది. నిన్న నీ దగ్గరికొచ్చింది అద్దెకి కాదు."

"మరి?"

"దుప్పి నాక్కూడా సాయం ఉందంది. కానీ నా బొరియలో ఉంటున్న నువ్వొచ్చి నోటితో చెప్పాలట. అడుగుదామని వచ్చా. మండ చూసి వెళ్లిపోయా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

ఎడంగా నడుచుకుంటూ ఇద్దరూ దుప్పి దగ్గరికి వెళ్లారు. ఈవిడ నా బొరియలో ఉంటోందని పేరయ్య చెప్పాడు. ఆయన బొరియలోనే ఉంటున్నానని రాగమ్మ చెప్పింది. దొంగమండల సంగతి కూడా దాచకుండా చెప్పేశారు. దుప్పి చీవాట్లు పెట్టాకే సాయం రాసిచ్చింది. ఆ పూట పిల్లలు గింజలు తిన్నారు. మొదటి వాన పడేసరికి బొరియలోనే ఉన్నారు.

కుందేలు ముసలమ్మ బతికింది. కానీ మందు ఆలస్యమైనందుకు ఆయాసం ఉండిపోయింది. పక్కనున్న వాగు దాకా కూడా నడవలేకపోయేది. అందుకే రోజూ పొద్దున్నే ఆవిడ గుమ్మం ముందు లేతగడ్డి, నీళ్లు ఉండేవి. ఎవరు పెడుతున్నారని ముసలమ్మ అడిగితే, రాగమ్మ ఈసారి దాక్కోలేదు. ఎదురుగా నిలబడి తను చేసిందంతా చెప్పింది.

నీతి: కష్టాన్ని దాచి అబద్ధం కట్టుకుంటే మనకు రావలసిన సాయం రాదు, పక్కవాడికి అందవలసిందీ అందదు. లేదని నోరు తెరిచి చెప్పడం తప్పు కాదు.